కుళాయి బొమ్మ పాట

పద్నాలుగు వందల పన్నెండో పాటకి కవర్ బొమ్మ పెట్టి, గాయని పేరు, సంవత్సరం, ఆల్బమ్ పేరు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని బుల్లి కుర్చీలో వెనక్కి వాలింది. పొద్దున తొమ్మిదయింది. వంటింట్లో పొయ్యి మీద టీ మరిగి మరిగి చేదెక్కుతున్నా ఆమెకి పట్టలేదు. రెండు రోజుల పైన చేసిన చాకిరీ అంతటితో పూర్తయింది మరి.

నలభై దాటినా ఇంట్లో ఆమె బుల్లే. బయట మాత్రం పెద్ద గ్రంథాలయంలో పుస్తకాల జాబితాలు తయారుచేసే అధికారి. లక్షన్నర పుస్తకాల్లో ఏది ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. అలాంటి మనిషికి పది రోజులు సెలవిచ్చి పుట్టింట్లో కూర్చోబెడితే చేతులు ఊరుకుంటాయా? వచ్చిన రోజే వంటింటి డబ్బాలన్నిటికీ పేర్లు రాసిన చీటీలు అంటించింది. మర్నాడు చెప్పుల అర సర్దింది. ఆ పైన ఆమె కన్ను అమ్మ కుట్టుమిషను పక్కనున్న ట్యాబ్ మీద పడింది.

అందులో ఉన్నవి నాన్న ఎక్కించిన పాటలు. నాన్న కొట్లకి బోర్డులు రాసే పెయింటర్. ఊళ్ళో సగం కొట్ల పేర్లు ఒకప్పుడు ఆయన చేతివే. బోర్డులు అచ్చు వేసే యంత్రాలు వచ్చాక కుంచె పక్కన పెట్టి, ఇంట్లోని పాత క్యాసెట్లన్నీ ఒక్కొక్కటే ఈ ట్యాబ్‌లోకి ఎక్కించే పని పెట్టుకున్నాడు. నాలుగేళ్ళు పట్టింది. అంత ఓపికగా చేసిన మనిషి, తీరా పాటల వివరాల దగ్గరికొచ్చేసరికి ఎందుకలా చేతులెత్తేశాడో బుల్లికి అంతుబట్టలేదు.

ఒక వాన పాట ఉంది. పేరు ఉండాల్సిన చోట "కుళాయి" అని ఉంది. ఎవరు పాడారో లేదు, ఏ సంవత్సరమో లేదు. కవర్ బొమ్మగా తుప్పు పట్టిన కుళాయి ఫొటో. ఇంకో పాటకి విరిగిన నిచ్చెన. ఒక జోలపాటకి ఒంటి మేజోడు. గుండెలు పిండే ఒక విషాద గీతానికి పక్కింటి పిల్లి, అదీ ఆవలిస్తూ. ఒకే పాట మూడు చోట్ల మూడు బొమ్మలతో ఉంది.

"ఏంటమ్మా ఇది? పాటకీ బొమ్మకీ ఏమైనా పొంతన ఉందా?" అని ఆ రోజే అడిగింది.

"మీ నాన్న సరదాలే అవి. వాటి జోలికి పోకులే," అంది అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ.

"పిల్లి బొమ్మేంటమ్మా! ఎవరైనా చూస్తే నవ్వుతారు."

"చూసేదెవరే? నేనేగా."

"నువ్వైతే మాత్రం? నీకు మాత్రం శుభ్రంగా ఉండొద్దా?"

అమ్మ ఇంకేదో అనబోయి ఆగిపోయింది. ఆమె అలా ఆగిపోవడాన్ని బుల్లి ఒప్పుకోవడమనుకుంది. నాన్న అప్పటికే తన తమ్ముడింటికి వెళ్ళి ఉన్నాడు, ఐదారు రోజులకి గానీ రాడు. ఆయన వచ్చేసరికి పాటలన్నీ తీర్చిదిద్ది పెట్టాలని పట్టుబట్టింది. బుల్లి పట్టుబట్టిందంటే ఇక ఆపేవాళ్ళు లేరు.

ఇప్పుడు ట్యాబ్ తీసుకెళ్ళి అమ్మ ముందు పెట్టింది. అమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. తెర నిండా చిన్న చిన్న చదరాలు. అన్నింటి మీదా నవ్వుతున్న మొహాలు, వంకీలు తిరిగిన అక్షరాలు. పక్కన వరసగా పేర్లు.

"ఎలా ఉంది?"

"బాగుందే. చాలా శుభ్రంగా ఉంది."

"అన్నీ అక్షర క్రమంలో పెట్టా. పేరు తెలిస్తే చాలు, రెండు క్షణాల్లో దొరుకుతుంది. ఏదీ, నీ వాన పాట వెతుకు చూద్దాం."

"ఇప్పుడెందుకులే, ఈ గౌను మధ్యాహ్నానికి ఇవ్వాలి," అని అమ్మ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

అమ్మకి చదవడం రాదు. ఈ సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు అమ్మ, రెండోవారు నాన్న. కడుపున పుట్టిన ఒక్కగానొక్క కూతురికి కూడా తెలియదు.

తొమ్మిదో ఏట బడి మాన్పించి కుట్టుపనిలో పెట్టారు ఆమెని. పెళ్ళయ్యాక నాన్న నేర్పుదామని చూశాడు. బోర్డుల మీద రాసినట్టే మూరెడేసి అక్షరాలు రాసిచ్చాడు. "అవి నాకు నిలవట్లేదండీ, ఇటు చూస్తే అటు జారిపోతున్నాయి," అనేదామె. కొలత టేపు పుణ్యమా అని అంకెలు మాత్రం వచ్చాయి. సంతకం అంటారా, నాన్న గీసి ఇచ్చిన దాన్ని పువ్వుల అల్లిక నేర్చుకున్నట్టు నేర్చుకుంది. బట్టలు కుట్టించుకునేవాళ్ళ సంచుల మీద పేర్లు రాయదు. ఒకరి సంచికి నీలం బొత్తాం, ఇంకొకరి సంచికి ఎర్ర దారం, మరొకరి దానికి గళ్ళ గుడ్డ పీలిక కట్టి ఉంటాయి. ఇన్నేళ్ళలో ఒక్కరి చొక్కా కూడా మరొకరికి పోలేదు. అదేదో ఆమె పద్ధతి అనుకుంటారు అందరూ.

క్యాసెట్లున్న రోజుల్లో రంగు చీటీలు అంటించి గుర్తుపట్టేది. ట్యాబ్ వచ్చాక నాన్న ఇంకో దారి కనిపెట్టాడు. ప్రతి పాటకీ వాళ్ళిద్దరికే తెలిసిన బొమ్మ ఒకటి పెట్టాడు. కొత్త కాపురంలో వంటింటి కుళాయి ఊడి ఇద్దరూ తడిసి ముద్దయి, దాన్ని గుడ్డతో అదిమిపట్టుకుని పడీపడీ నవ్వుతున్న పూట రేడియోలో వచ్చిన పాట ఆ వాన పాట. నిచ్చెన మీంచి పడి కాలికి కట్టుతో నాన్న మంచంలో ఉన్న నెలంతా విన్నది నిచ్చెన పాట. మేజోడు బుల్లి పసితనపుది. పిల్లేమో, ఆ విషాద గీతం పెట్టినప్పుడల్లా కిటికీలో కూర్చుని ఆవలించి ఇద్దరినీ నవ్వించేది. ఒకే పాట మూడుసార్లు ఉందంటే అది వాళ్ళ బతుకులో మూడుసార్లు వచ్చిందన్నమాట. ఆ బొమ్మల మీద వేలు పెట్టి తనకి కావలసిన పాట తనే పెట్టుకోగలగడం, ఎవరినీ అడగకుండా పెట్టుకోగలగడం, ఆమెకి ఎంత గొప్పో నాన్నకి ఒక్కడికే తెలుసు.

ఆ బొమ్మలన్నీ బుల్లి తీసేసింది. మూడు చోట్ల ఉన్న పాటని ఒక్కచోటే ఉంచింది. గ్రంథాలయంలో అయితే చిరిగిన కాగితం ముక్కని కూడా నకలు తీసి పెట్టుకోకుండా ముట్టుకోదు. ఇక్కడ మాత్రం నకలు తీసుకోవాలన్న ఆలోచనే రాలేదు ఆమెకి.

బుల్లి స్నానానికి వెళ్ళినప్పుడు అమ్మ ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుంది. కుళాయి ఉండే చోట వేలు పెట్టింది. ఎవరో మగాయన గొంతు చించుకుని పాడాడు. కంగారుగా ఆపేసింది. ఇంకోటి నొక్కింది. అదీ కాదు. నాలుగోది కూడా కాకపోయేసరికి ట్యాబ్ బోర్లా పెట్టేసి గౌను అందుకుంది. ఎడమ చెయ్యి కుట్టాల్సిన చోట కుడి చెయ్యి కుట్టింది. విప్పి, మళ్ళీ అదే తప్పు చేసింది. యాభై ఏళ్ళ కుట్టుపనిలో ఆమెకి అలాంటిది ఎప్పుడూ జరగలేదు. ఆ తర్వాత రెండు రోజులు ఆ ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"పాటలు పెట్టవేంటమ్మా?" అని బుల్లి అడిగితే "తలనొప్పి" అంది.

మూడో రోజు పొద్దున నాన్న భుజాన సంచీతో దిగాడు. గుమ్మంలోనే చెవి రిక్కించాడు.

"ఏమోయ్, ఇల్లు ఇంత మూగబోయిందేంటి? ట్యాబ్ గానీ పాడయిందా?"

"పాడవడమేంటి నాన్నా, బాగుపడింది!" అంటూ బుల్లి ఎదురెళ్ళింది. "చూడు. ప్రతి పాటకీ పేరు, పాడినవాళ్ళు, సంవత్సరం, అసలు కవర్లు. నీకు నాలుగేళ్ళు పట్టింది, నాకు మూడు రోజులు కూడా పట్టలేదు."

నాన్న చూశాడు. వేలితో పైకీ కిందకీ జరిపాడు. సంచీ ఇంకా భుజానే ఉంది.

"బొమ్మలేవే?"

"ఏ బొమ్మలు?"

"నేను పెట్టినవి."

"తీసేశా."

"ఎక్కడైనా దాచావా?"

"ఆ చెత్త ఎవరైనా దాచుకుంటారా నాన్నా? నువ్వు మరీనూ!"

నాన్న అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. మిషను దగ్గరున్న అమ్మ వైపు చూశాడు. అమ్మ తల చాలా కొద్దిగా అడ్డంగా ఊపింది. చెప్పొద్దని. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు. చెప్పబోయే ముందే చెవులు ఎర్రబడతాయి.

"అంటే... అవి నాకు కావాలే. నా కళ్ళకి చిన్న అక్షరాలు ఆనవు."

"అంతేగా? పెద్దవి చేస్తా. ఇదిగో, ఇంత పెద్దవి చాలా?"

"పెద్దవైనా కష్టమే."

"పేపరు మూల మూలల్లో ఉన్నది కూడా చదువుతావుగా నాన్నా? జీవితమంతా అక్షరాలు రాసిన మనిషివి, అక్షరాలతో నీకు కష్టమేంటి?"

"కష్టమంటే వినవేం?"

"కారణం చెప్పమంటున్నా. కుళాయి ఎందుకు? పిల్లి ఎందుకు? నేను మూడు రోజులు నడుం విరిగేలా కూర్చుని..."

"నిన్నెవరు కూర్చోమన్నారే!" నాన్న అరిచాడు. "డబ్బాలు సర్దావు, ఊరుకున్నాం. చెప్పులు సర్దావు, ఊరుకున్నాం. మా బతుకులు కూడా నువ్వే సర్దుతావా?"

ఆయన గొంతు ఆ ఇంట్లో అంతెత్తున లేవడం బుల్లి ఎరగదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, నీళ్ళతోపాటే కోపమూ వచ్చింది. ఆ కోపం నాన్న మీదికి పోకుండా, ఎప్పటి బాకీయో తీర్చుకోవాలన్నట్టు అమ్మ మీదికి మళ్ళింది.

"నువ్వైనా చెప్పమ్మా. బాగుందన్నావుగా? మరి ఒక్క పాటైనా పెట్టావా? నచ్చకపోతే నచ్చలేదని నా మొహాన చెప్పొచ్చుగా. నీకెప్పుడూ అంతే, మాట మింగేసి కూర్చుంటావు. హాస్టల్లో ఉన్నప్పుడు నీకొక్కదానికే ఉత్తరం రాశాను, గుర్తుందా? నాలుగు పేజీలు రాశాను. ఒక్క ముక్క జవాబిచ్చావా? ఇరవై ఏళ్ళయింది. ఇంతవరకూ దాని ఊసైనా ఎత్తావా?"

మిషను ఆగింది. అమ్మ చేతిలోని గుడ్డని మడిచి పక్కన పెట్టింది.

"దాన్ని నేను చదవలేదే."

"చదవలేదా! నేనంత ఏడుస్తూ రాస్తే నీకు చదవడానికి తీరిక లేకపోయిందా?"

"తీరిక కాదు. నాకు చదవడం రాదు."

"ఏమోయ్..." అంటూ నాన్న లేవబోయాడు.

"మీరు కూర్చోండి. ముప్ఫై అయిదేళ్ళు మోశారు, ఇక చాలు," అంది అమ్మ.

బుల్లి ఇదేదో వేళాకోళమనుకుని నవ్వబోయింది. అమ్మ మొహం చూశాక నవ్వు రాలేదు. ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. చిన్నప్పుడు పాఠం చదువుతుంటే "గట్టిగా చదువు, నీ గొంతు వినాలనుంది" అనేది అమ్మ. బడి నుంచి ఏ కాగితం తెచ్చినా "నాన్నకియ్యి, చేతికి నూనె ఉంది" అనేది. హాస్టల్‌కి వచ్చిన ఉత్తరాల్లో "మీ అమ్మ ఇలా చెప్పమంది" అంటూ నాన్న దస్తూరీయే ఉండేది. మొన్న తను చీటీలు అంటించిన డబ్బాలను కూడా అమ్మ మూత తీసి వాసన చూశాకే వాడుతోంది. అక్షరాల మధ్యే బతికే తను, ఎదురుగా ఉన్న ఈ ఒక్క సంగతీ చదవలేకపోయింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది బుల్లి.

"నీకప్పుడు ఆరేళ్ళు. బడి నుంచి గెంతుకుంటూ వచ్చావు. నీ పక్కన కూర్చునే పిల్ల వాళ్ళమ్మ వేలిముద్ర వేసిందట, క్లాసంతా నవ్వారట, నువ్వూ నవ్వావట. అదంతా చెప్పి, 'మా అమ్మ అలా కాదు' అని నా మెడ పట్టుకు ఊగావు. ఆ మాటని నేనెలా అబద్ధం చేసేదే? ఆ సాయంత్రమే మీ నాన్న దగ్గర మాట తీసుకున్నాను, నీకు చెప్పొద్దని. తర్వాత నువ్వు పెద్ద పెద్ద చదువులు చదివే కొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది."

బుల్లికి ఆ రోజు గుర్తు లేదు. ఆ పిల్ల మొహమూ గుర్తు లేదు. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

"నీ చాకిరీని తప్పు పట్టట్లేదే," అంది అమ్మ. "కానీ నువ్వు తీసేసింది చెత్త కాదు. నేను ఇంకొకరి సాయం లేకుండా చదువుకున్న పుస్తకం అదొక్కటే."

బుల్లి మిషను పక్కన నేల మీద చతికిలబడి అమ్మ మోకాళ్ళ మీద మొహం ఆనించింది. "మళ్ళీ పెడతానమ్మా. ఒక్కటి కూడా వదలను. మీరిద్దరూ చెప్పండి, అన్నీ మళ్ళీ ఫొటోలు తీసి పెడతాను."

"ఆ కుళాయి ఇప్పుడెక్కడుందే? మార్చేసి రెండేళ్ళయింది," అన్నాడు నాన్న ముక్కు తుడుచుకుంటూ. "పిల్లి కూడా ముసలిదైపోయింది. ఆవలించమంటే ఆవలిస్తుందో లేదో."

"మీరు బొమ్మ గియ్యండి. చేతులేమైనా పడిపోయాయా?" అంది అమ్మ.

ఆ మాటకి నాన్న తల గోక్కుని, కాస్త తేలికపడ్డట్టు కనిపించాడు. అమ్మ లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. బీరువాలో గుడ్డల అడుగున చాలాసేపు వెతికింది. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతిలో ఒక కవరు ఉంది. అంచులు పసుపుబారాయి. అంటించిన జిగురు అంటించినట్టే ఉంది.

"విప్పనైనా లేదా?" అంది బుల్లి.

"నీ స్నేహితురాలు తెచ్చిచ్చింది. అమ్మకి మాత్రమే ఇవ్వాలి, నాన్నకి అస్సలు చూపించకూడదు, ఆవిడ చేత ఒట్టు వేయించుకో అని చెప్పి పంపావట. ఒట్టు వేశాను. మీ నాన్న చేత చదివించలేను. బయటివాళ్ళ చేత చదివిస్తే నీ గుట్టు నేనే వీధిలో పెట్టినట్టు. ఏం చెయ్యను? నువ్వు సెలవులకి వచ్చినప్పుడు 'ఏమైనా బెంగగా ఉందా తల్లీ' అని అడిగాను. ఏం లేదన్నావు. నిజంగానే ఏం లేదేమో అనుకుని ఊరుకున్నాను. కానీ పారేయబుద్ధి కాలేదు."

ఇరవై ఏళ్ళుగా తన ఇంట్లో తనకి తెలియని ఉత్తరం ఒకటుందని నాన్నకి అప్పుడే తెలిసింది. ఏదో అడగబోయి మానుకున్నాడు. "నేను టీ పెడతాను," అని వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. టీ గిన్నె పడేసిన చప్పుడు కూడా అయింది.

"చదువు," అంది అమ్మ. "గట్టిగా చదువు."

బుల్లి కవరు చించింది. ఇరవై ఒక్కేళ్ళ పిల్ల దస్తూరీ. అక్కడక్కడా సిరా చెదిరి ఉంది.

"అమ్మా, నాకిక్కడ ఉండాలని లేదు. ఎందుకో చెప్పమంటే చెప్పలేను. గదిలో అందరూ మంచివాళ్ళే, అయినా నాతో ఎవరూ మాట్లాడరు. అన్నం ముద్ద దిగదు. ఫోను వార్డెన్ గదిలో ఉంటుంది, అందరూ వింటారు, అందుకే రాస్తున్నాను. నాన్నకి చెప్పకు, ఉన్నపళాన పరిగెత్తుకొస్తాడు. నాకు నువ్వు చెప్పాలి. నువ్వు రమ్మంటే వచ్చేస్తాను. చదువు మానేసి నీ పక్కన కూర్చుని కుట్టుపని నేర్చుకుంటాను. ఆదివారం దాకా చూస్తాను. జవాబు రాకపోతే, రావద్దన్నావని అనుకుంటాను."

మిగతా పేజీల్లో ఉన్నదీ అదే, మళ్ళీ మళ్ళీ. అన్నీ చదివింది బుల్లి.

"ఆదివారం దాకా చూశావా?" అంది అమ్మ.

"గేటు దగ్గరే కూర్చున్నా. ఆ తర్వాతి ఆదివారం కూడా కూర్చున్నా." బుల్లి పెదవి కొరుక్కుంది. "ఇక అప్పట్నించీ నిన్నేమీ అడగలేదమ్మా. నేను దూరంగా ఉండటమే నీకు ఇష్టమేమో అనుకున్నా. ఎప్పుడైనా వస్తే ఏదో ఒక పని చేసి పెట్టి వెళ్ళిపోవాలి, ఊరికే ఉండకూడదు అనుకున్నా."

అమ్మ ఆ కాగితాలను చేతిలోకి తీసుకుంది. నాలుగు పేజీలనీ ఒక్కొక్కటే చూసింది. ఆమెకి వాటిలో ఒక్క అక్షరమూ తెలియదు. అయినా అరచేత్తో పైనుంచి కింది దాకా నిమిరింది, జ్వరం వచ్చిన పిల్ల వీపు నిమిరినట్టు.

"నువ్వు రమ్మంటే వచ్చేస్తానని రాశావే, అదెక్కడుంది?"

బుల్లి చూపించింది. ఆ వరస మీద అమ్మ వేలు ఉంచింది.

"వచ్చెయ్," అంది. "చదువూ వద్దు, ఏమీ వద్దు. ఏ బండి దొరికితే ఆ బండెక్కి వచ్చెయ్ తల్లీ. నువ్వొచ్చేదాకా నేను అన్నం తినను."

బుల్లి ఆమె ఒళ్ళో తల పెట్టేసింది. రెండు ఆదివారాలు గేటు దగ్గర కూర్చుని బిగపట్టుకున్న ఏడుపంతా ఇప్పుడు ఏడ్చింది. "వచ్చేశానమ్మా," అంటూనే ఏడ్చింది.